పల్నాటి పల్లెలు, పాఠశాలలు: మంచినీరు, పారిశుద్ధ్యము, శుచిత్వము

కృష్ణానదికి దక్షిణమున, నల్లమల కొండల అంచు మొదలు నరసరావుపేట నల్లరేగడి మైదానము వరకు వ్యాపించిన పల్నాటి సీమలో మంచినీటి సరఫరా, మరుగుదొడ్ల వాడుక, చేతుల శుభ్రత అను మూడు విషయములు ఒకదానితో నొకటి విడదీయరాని విధముగ ముడివడి యున్నవి. ఊరి వెలుపల మలము ఆరుబయట పడియున్నంత కాలము తొలకరి వానతో అది బావిని, బోరును చేరుచునే యుండును. మరుగుదొడ్డి కట్టించియు నీటి వసతి కల్పింపకున్న అది కొలదినాళ్లకే తాళము పడి కట్టెలకొట్టుగ మారును. నీరును మరుగుదొడ్డియు రెండును అమరియు బిడ్డ చేయి కడుగుకొనక అన్నపుముద్ద నెత్తెనేని, ఆ రెంటికై వెచ్చించిన ధనమును శ్రమయు చాలవరకు వృథా యగును. అందుచేత ఈ మూడింటిని ఒక్కటిగనే పరిశీలించుట యుక్తము. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లానుండి విడివడి, నరసరావుపేట ముఖ్యస్థానముగ, నరసరావుపేట, గురజాల, సత్తెనపల్లి రెవెన్యూ డివిజన్లతో ఏర్పడిన పల్నాడు జిల్లాలోని గ్రామములును పాఠశాలలును ఈ వ్యాసమునకు విషయము.

భూమి, నీరు

పల్నాటి నీటి కథకు మూలము ఆ నేలలోని రాయి. మాచర్ల, గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతములలో పైమన్ను పలుచన. దాని క్రింద పొరలు పొరలుగ సున్నపురాయి, నాపరాయి కలవు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకును, ఇండ్ల చపటాలపై పరచెడు నాపరాళ్లకును ఈ శిలలే ఆధారము. దక్షిణమున వినుకొండ, నరసరావుపేట వైపున గ్రానైటు, నైసు మొదలైన ప్రాచీన కఠిన శిలలు వ్యాపించి యున్నవి. ఈ రెండు నేలలలోను నీటి గుణము వేర్వేరుగ నుండును. సున్నపురాతి నేలలో నీరు రాతి పగుళ్ల వెంట, బొరియల వెంట ప్రవహించును. ఇసుకనేలలో వలె మెల్లగ ఇంకి, వడగట్టబడి శుభ్రపడుటకు దానికి అవకాశము లేదు. ఒక చోట గోతిలో నిలిచిన మురుగు, దూరముననున్న బోరులోనికి స్వల్పకాలముననే చేరవచ్చును. ఈ నీరు కఠినజలము గనుక దానిలో పప్పు ఉడకదు, సబ్బు నురుగు రాదు. కఠినశిలల నేలలో నీరు రాతి సందులలో చిరకాలము నిలిచి, ఆ రాతిలోని ఫ్లోరైడు లవణములను కరగించుకొనును. సున్నము తక్కువయై సోడా గుణము హెచ్చిన నీటిలో ఫ్లోరైడు మరింత సులభముగ కరగును.

సీమను తడుపు వాగులలో మాచర్ల మీదుగ పారెడు చంద్రవంక, కారెంపూడి మీదుగ పారెడు నాగులేరు, వినుకొండ వైపు గుండ్లకమ్మ ముఖ్యములు. చంద్రవంక ఎత్తిపోతల వద్ద జలపాతమై దూకి కృష్ణలో కలియును. వానకాలమున పొంగి, మాఘఫాల్గుణములు దాటునప్పటికి మడుగులుగ కృశించుట ఈ వాగుల స్వభావము. రెంటచింతల ఎండలు తెలుగుదేశమునందంతట ప్రసిద్ధములు. వానలు కృష్ణా డెల్టాకంటె తక్కువ, ఎండలు డెల్టాకంటె ఎక్కువ, నేల రాతినేల యగుటచే నీటి ఎద్దడి ఈ సీమకు సహజ లక్షణమైనది.

పూర్వచరిత్ర

ఇట్టి నేలపై వెలసిన ప్రాచీన నగరము నీటిని, మురుగును ఎంత శ్రద్ధతో నిర్వహించినదో నాగార్జునకొండ త్రవ్వకములు చాటినవి. క్రీస్తు శకము 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకులకు రాజధానియైన విజయపురిని 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యము ఆధ్వర్యమున త్రవ్వినపుడు, బౌద్ధారామములతో పాటు మెట్ల కోనేళ్లు, రాతితో తీర్చిన స్నానఘట్టము, నీరు వెడలుటకు కట్టిన కాలువలు బయల్పడినవి. భిక్షువులు వసించిన చోట నీటిరాకను, మురుగుపోకను కలిపి ఆలోచించిరనుటకు ఆ శిథిలములు సాక్ష్యము.

మధ్యయుగమునకు వచ్చుసరికి పల్నాటి దాహము సాహిత్యమునకెక్కినది. శ్రీనాథుని పేర ప్రచారముననున్న చాటువులలో ఈ సీమ రాళ్లు, ఎండ, నీటి కరవు, జొన్నకూడు ప్రస్తావింపబడుట తెలుగువారందరు నెరిగినదే. 12వ శతాబ్ది పల్నాటి యుద్ధకాలమునకు చెందిన మరియొక స్మృతి ఈ విషయమునకు ఇంకను సన్నిహితమైనది. కులభేదములు పాటింపక అందరును ఒకే చాపపై కూర్చుండి భుజించు ‘చాపకూడు’ పద్ధతిని బ్రహ్మనాయుడు నెలకొల్పెనని మాచర్ల ప్రాంతపు సంప్రదాయము. అన్నమును, నీటిని అందరును సమముగ పంచుకొనవలెనను ఆదర్శము ఈ నేలకు పరాయిది కాదు. అయినను ఊరి మంచినీటి బావి ఒకటి, మాలమాదిగ పల్లెల బావి వేరొకటి యగుట ఇటీవలి తరముల వరకు ఈ సీమలోను ఆచారమై నిలిచినది.

ఆధునిక కాలమున గొప్ప మార్పు నాగార్జునసాగరముతో వచ్చినది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన గావింపగా, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. జవహర్ కాలువ యని పేరొందిన కుడికాలువ పల్నాటి మెట్టపొలములను మాగాణులుగ, మిరపతోటలుగ మార్చినది. కాని కాలువ తన మట్టమునకు దిగువనున్న నేలనే తడుపగలదు. వెల్దుర్తి, బొల్లాపల్లి మండలములలోని మెరక గ్రామములకును, నల్లమల అంచున నున్న సుగాలీ తండాలకును, చెంచు గూడెములకును సాగరము చేరువలోనే యున్నను దాని నీరు చేరువ కాలేదు. నీరు పొలమునకు ముందు వచ్చి నోటికి తరువాత వచ్చుట ఈ ప్రాంతపు జలచరిత్రలోని విశేషము. వెల్దుర్తి మండలపు మెరకలకు సాగునీటితో పాటు త్రాగునీటిని గూడ ఎత్తిపోయుటకు ఉద్దేశింపబడిన వరికపూడిశెల ఎత్తిపోతల పథకమునకు 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగినది.

ఫ్లోరైడు సమస్య

భారతదేశమున ఫ్లోరోసిస్ వ్యాధిని శాస్త్రజ్ఞులు మొట్టమొదట సవిస్తరముగ వర్ణించినది పల్నాటికి దక్షిణపు పొరుగుననే. నాటి మద్రాసు రాజధానిలో నెల్లూరు జిల్లాకు చెందియుండిన పొదిలి, దర్శి ప్రాంతముల రోగులను పరీక్షించి షార్ట్, అతని సహచరులు 1937లో ఆ నివేదికను ప్రకటించిరి. భూగర్భశిలలకు జిల్లా సరిహద్దులు లేవు గనుక ఆ శిలల వెంటనే సమస్య వినుకొండ, బొల్లాపల్లి వైపునకును వ్యాపించి యున్నది.

భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము వరకు అంగీకారయోగ్యము. వేరు నీరు దొరకని యెడల 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపదగినది. ఆ హద్దు దాటిన నీటిని శైశవమునుండి త్రాగిన పిల్లల పండ్లపై తొలుత సున్నము పూసినట్లు తెల్లని మచ్చలు, పిదప పసుపు, గోధుమ రంగు చారలు ఏర్పడును. బడిలో బిడ్డ నోరు తెరచి నవ్విన క్షణముననే ఉపాధ్యాయుడు గుర్తింపగల తొలి సూచన యిది. ఒకసారి పడిన ఆ గారచార తోముటచే పోదు. అంతకంటె ఎక్కువ మోతాదును ఏండ్ల తరబడి త్రాగినవారికి మెడ, నడుము, మోకాళ్లు బిగిసి, ఎముకలు వంగి, నడుచుటయే కష్టమగును. నీటిని కాచుటచే ఫ్లోరైడు తొలగదు సరికదా, నీరు ఆవిరియైన కొలది దాని సాంద్రత పెరుగును. కాచిన నీరు సర్వదోషహరమను నమ్మకము గట్టిగ నాటుకొన్నది గనుక ఈ సంగతిని ప్రతి తల్లికిని విడమరచి చెప్పవలసి యున్నది.

నివారణకు రెండు మార్గములు కలవు. మొదటిది నీటిని శుద్ధిచేయుట. పటిక, సున్నము, బ్లీచింగు పౌడరు కలిపి ఫ్లోరైడును మడ్డిగ విడదీయు ‘నల్లగొండ పద్ధతి’ని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970 దశకమున రూపొందించినది. ఇది చవుకయైనను, మోతాదు తప్పక కలుపువాడు ప్రతిదినము ఉండవలెను, అడుగున దిగిన మడ్డిని జాగ్రత్తగ పారవేయవలెను. తరువాత వచ్చిన ఆర్‌ఓ ప్లాంట్లు ఫ్లోరైడును, ఇతర లవణములను తొలగించుచున్నవి గాని, తోడిన నీటిలో పెద్దభాగమును వ్యర్థముగ విడుచుచున్నవి. 20 లీటర్లను 2 రూపాయలకు ఇచ్చుటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల పథకమును ఆరంభించినది. ప్రైవేటు ప్లాంట్లు పల్లెపల్లెనను వెలసి, క్యాను నీరు నిత్యావసర వస్తువైనది. కూలిజనుల ఇండ్లలో ఆ నీటిని త్రాగుటకు మాత్రము వాడి, వంటకు బోరునీటినే పోయుట పరిపాటి. ఆ విధముగ ఫ్లోరైడు అన్నము ద్వారమున మరల దేహమును చేరుచున్నది. రెండవదియు, చిరకాలము నిలుచునదియు నగు మార్గము నదీజలమును గొట్టముల ద్వారా తెచ్చుట. కృష్ణకు ఆవలిగట్టున దశాబ్దములు ఫ్లోరోసిస్‌తో కుములుచుండిన నల్లగొండ సీమకు, 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ఈ మార్గముననే నదీజలమును చేర్చినది. దీనికి తోడు పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామ వంటి సున్నము, సి విటమిను గల ఆహారము ఫ్లోరైడు బాధను కొంత తగ్గించును గనుక మధ్యాహ్న భోజనమునకును ఫ్లోరైడు నివారణకును సంబంధము కలదు.

మంచినీటి పథకములు

కేంద్రప్రభుత్వము 1972–73లో త్వరిత గ్రామీణ నీటి సరఫరా కార్యక్రమమును చేపట్టిన పిమ్మట, పల్లెలలో దిగుడుబావుల స్థానమును చేతిపంపులును, వాటి స్థానమును ఓవర్‌హెడ్ ట్యాంకులతో కూడిన రక్షిత మంచినీటి పథకములును క్రమముగ ఆక్రమించినవి. కాలువ క్రింది గ్రామములకు వేసవి చెరువులే ప్రాణాధారము: కాలువ పారునపుడు చెరువు నింపుకొని, కాలువ కట్టివేసిన నెలలలో ఆ నీటిని ఇసుక వడపోత పడకల ద్వారా శుభ్రపరచి, క్లోరిను కలిపి ట్యాంకున కెక్కింతురు. చెరువునకు కంచె లేక పశువులు దిగినను, ఇసుక పడకలను కాలానుగుణముగ గోకి కడుగకున్నను పథకమంతయు పేరునకు మిగులును.

2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జలజీవన్ మిషన్ ప్రతి గ్రామీణ గృహమునకును కుళాయి, ప్రతిమనిషికిని రోజునకు 55 లీటర్ల నీరు అను లక్ష్యమును నిర్దేశించినది. పూర్వపు ప్రమాణము 40 లీటర్లు. 2020 అక్టోబరు 2న పాఠశాలలకును, అంగన్‌వాడీలకును కుళాయి నీరందించుటకు 100 దినముల ప్రత్యేక కార్యక్రమము ఆరంభమైనది. గ్రామమున ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పవలెననుట ఈ మిషన్‌లోని మేలైన నిబంధన. ఆ పరీక్షలు కష్టమైనవి కావు. నీటిలో కొన్ని చుక్కల మందు వేసి రంగు చూచు క్లోరోస్కోపులో పసుపు తేలినచో క్లోరిను మిగిలియున్నదని అర్థము. కుళాయి కొసన లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాము మిగులవలెను. మరియొకటి చిన్న గాజుసీసా: దాని గీటు వరకు నీరు పోసి, మూత బిగించి, వెచ్చని చోట ఒకటి రెండు దినములుంచిన యెడల, మలసంబంధమైన సూక్ష్మజీవులున్న నీరు నల్లబడును. కంటికి తేటగ కనిపించిన ఇంటి కుళాయి నీరు సీసాలో నల్లబడుట చూచిన గృహిణికి వేరే ప్రచారము అక్కరలేదు.

మరుగుదొడ్లు

1986లో కేంద్ర గ్రామీణ పారిశుద్ధ్య కార్యక్రమము, 1999లో సంపూర్ణ పారిశుద్ధ్య ఉద్యమము, 2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ మిషన్ వరుసగ వచ్చినవి. చివరిదానిలో ఇంటి మరుగుదొడ్డికి 12,000 రూపాయల ప్రోత్సాహకము నిర్ణయింపబడినది. 2019 అక్టోబరు 2న గ్రామీణ భారతము బహిరంగ మలవిసర్జన రహితముగ ప్రకటింపబడినది. పల్నాటిలోను ఈ ఉద్యమము ఊరి రూపును మార్చినది. చీకటి పడువరకు కాచుకొని కంపచెట్ల చాటునకు, రోడ్డు వారకు పోవలసిన అగత్యము వేలాది స్త్రీలకు తప్పినది; ఇది లెక్కలకందని మేలు.

అయితే ఈ నేలకు తగిన నిర్మాణమును గూర్చి శ్రద్ధ వహింపవలసి యున్నది. రెండు గుంటల మరుగుదొడ్డి ప్రశస్తమైన పద్ధతి: ఒక గుంట నిండిన పిదప దానిని మూసి, రెండవ దానికి మళ్లించినచో, మూసిన గుంటలోని మలము ఏడాది రెండేండ్లకు వాసన లేని ఎరువుగ మారును. కాని నాపరాతి నేలలో గుంట త్రవ్వుటయే ఖరీదు. గడ్డపార దిగని చోట లోతుకు బదులు పైకి సిమెంటు ఒరలు లేపి ముగించిన గుంటలు వానకాలమున పొంగును. రాతి పగుళ్ల నేలలో గుంటకును బోరునకును నడుమ సాధారణముగ చెప్పెడు 10 మీటర్ల దూరము చాలకపోవచ్చును. అచ్చట బోరు వాలునకు ఎగువను, గుంట దిగువను ఉండవలెను, గుంట చుట్టును ఇసుక పొర వేయవలెను. పట్టణ శివారులలో, మురుగు కాలువలోనుండియే మంచినీటి గొట్టము సాగిన చోట్ల ప్రమాదము మరింత హెచ్చు. 2024లో పిడుగురాళ్లలోను, దాచేపల్లిలోను అతిసారము ప్రబలి మనుష్యులు ప్రాణములు కోల్పోవుట ఈ సీమలో నీటిని, మురుగును వేరుగ నుంచవలసిన ఆవశ్యకతను కఠినముగ జ్ఞప్తికి తెచ్చినది.

పాఠశాలలు

2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము, ప్రతి బడిలోను బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, అందరికి చాలినంత రక్షితజలము ఉండవలెనని శాసించినది. 2012 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఈ వసతులను ఆరునెలలలో సమకూర్పవలెనని ఆదేశించినది. 2014లో స్వచ్ఛ విద్యాలయ కార్యక్రమము వచ్చినది. ఆంధ్రప్రదేశమున 2019 నవంబరు 14న ఒంగోలులో ఆరంభమైన ‘మన బడి నాడు–నేడు’ మొదటి విడతలో 15,715 పాఠశాలలను చేపట్టి, నీటి వసతిగల మరుగుదొడ్లు, త్రాగునీరు, ప్రహరీ, విద్యుత్తు మొదలైనవి సమకూర్చినది. అమ్మ ఒడి పథకము క్రింద తల్లికి చెందవలసిన సొమ్మునుండి వేయి రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణ నిధికి మళ్లించు ఏర్పాటును, శుభ్రపరచుటకు ఆయాలను నియమించుటయు తరువాత జరిగినవి. 2025లో తల్లికి వందనము పథకమునను నిర్వహణకై కొంత సొమ్ము వేరుచేయబడినది. ప్రభుత్వములు మారినను నిర్వహణకు ప్రత్యేక ధనముండవలెనను సూత్రము నిలిచి యుండుట హర్షింపదగినది.

బడిలో ఈ వసతులు ఎట్లు పనిచేయునో మధ్యాహ్న భోజనపు గంటలో స్పష్టముగ చూడవచ్చును. నూరుగురు పిల్లలు ఒక్కసారి తరగతులనుండి వెడలుదురు. కుళాయిలు నాలుగే యైన యెడల, సబ్బు ఒక్కటే యైన యెడల, ముందున్న పదిమంది చేతులు కడుగుకొందురు, తక్కినవారు పళ్లెములు తడిపి పంక్తికి పరుగిడుదురు. పొడవైన తొట్టికి అడుగెడమున కుళాయిలు అమర్చి, చిన్నతరగతుల పిల్లలకు అందునట్లు ఒక వరుసను తక్కువ ఎత్తున నిలిపి, సబ్బును వలసంచిలో వేసి కుళాయికి కట్టి, ఏడవ, ఎనిమిదవ తరగతుల విద్యార్థుల నిరువురను వంతులవారీగ నిలబెట్టిన బడిలో అందరి చేతులును శుభ్రపడును; కోడిగ్రుడ్డు, పల్లీచిక్కీ శుభ్రమైన చేతికే అందును. తొట్టినుండి పారిన నీరు మడుగై దోమలు పెరుగకుండ బడితోటలోని మునగ, కరివేపాకు మొక్కల పాదులకు మళ్లింపవచ్చును. ఎండకాలమున పిల్లలు నీరు త్రాగుటకు ప్రత్యేకముగ కొట్టు ‘వాటర్ బెల్’ పల్నాటి వంటి సీమకు మిక్కిలి అవసరము. మరుగుదొడ్డి బాగులేని బడిలో పిల్లలు, విశేషించి బాలికలు, నీరు త్రాగుటయే మానుకొనుచుందురు గనుక ఆ గంట సఫలమగుట మరుగుదొడ్డి మీదనే ఆధారపడి యున్నది.

బాలికల విషయము

ఎదిగిన బాలికకు గడియలేని తలుపు, నీరులేని గది బడి మానుటకు చాలిన కారణములు. ఋతుదినములలో ప్రతినెలయు పాఠములు పోగొట్టుకొను బాలిక క్రమముగ వెనుకబడి, మిరపకోతల కాలమున తల్లివెంట పొలమునకు పోవుట ఆరంభించిన పిదప ఆమెను మరల బడికి రప్పించుట దుష్కరము. 2021 అక్టోబరు 5న రాష్ట్రమున ఆరంభింపబడిన ‘స్వేచ్ఛ’ కార్యక్రమము 7వ తరగతి మొదలు 12వ తరగతి వరకు ప్రభుత్వ విద్యాసంస్థలలోని బాలికలకు నెలకు 10 శానిటరీ న్యాప్‌కిన్లను ఉచితముగ ఇచ్చుటకు ఉద్దేశింపబడినది. న్యాప్‌కిన్లతో పాటు, వాడినవానిని పారవేయుటకు మూతగల బుట్ట, గడియగల తలుపు, గదిలోపలనే కుళాయి, నిస్సంకోచముగ మాటాడగల ఉపాధ్యాయురాలు ఉన్నపుడే ఆ సహాయము పూర్ణమగును. నీటికై బిందెలతో నడుచు భారము తండాలలో ఆడపిల్లపైననే పడుచున్నది. ఇంటివద్ద కుళాయి వచ్చుట ఆమెకు చదువు గంటలు తిరిగి వచ్చుటయే.

వ్యాధి నివారణ

అతిసారము, పచ్చకామెర్లు, టైఫాయిడు, నులిపురుగులు అశుచి నీటితోను, మురికిచేతులతోను వ్యాపించును. మలవిసర్జన పిమ్మటను, అన్నమునకు పూర్వమును, పసిబిడ్డను శుభ్రపరచిన పిమ్మటను సబ్బుతో ఇరువది సెకండ్లు చేతులు రుద్దుకొనుట వీనిని అరికట్టు సాధనములలో మిక్కిలి చవుకయైనది. అక్టోబరు 15వ తేది 2008 నుండి ప్రపంచ చేతుల శుభ్రతా దినముగ పాటింపబడుచున్నది. విరేచనములు పట్టిన బిడ్డకు లీటరు శుద్ధజలములో ఆరు చిన్నచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగ త్రాగించుట ప్రాణరక్షకము. నులిపురుగుల నిర్మూలనకు 2015 నుండి ఫిబ్రవరి 10న బడులలో, అంగన్‌వాడీలలో ఆల్బెండజోల్ మాత్ర నిచ్చుచున్నారు; చెప్పులు లేక పొలముగట్ల వెంట నడుచు పిల్లలకు, మరుగుదొడ్డి వాడుక లేని పల్లెలలో, పురుగు మరల మరల సోకును. పత్తి, మిరప సాగు విస్తారముగనున్న ఈ సీమలో పురుగుమందు డబ్బాలను కడిగి నీటికి వాడకుండ చూచుటయు శుచిత్వ బోధలో భాగము కావలెను.

నిర్వహణ, బాధ్యత

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ త్రాగునీటిని, పారిశుద్ధ్యమును పంచాయతీల విషయములలో చేర్చినది. 15వ ఆర్థికసంఘము గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన నిధులలో నూటికి 60 వంతులు ఈ రెండింటికే ప్రత్యేకింపబడినవి. ధనము వచ్చుట యెంత ముఖ్యమో, అది దినదినపు పనికి చేరుట అంత ముఖ్యము. బోరుమోటారు కాలిపోయిన దినమున దానిని విప్పి బాగుచేయించువాడు, ట్యాంకును కడిగి తేదీని గోడపై వ్రాయువాడు, బ్లీచింగు కలుపువాడు, బడి మరుగుదొడ్డిని ఉదయము సాయంకాలము కడుగు ఆయా, వీధులూడ్చి చెత్తబండి నడుపు పారిశుద్ధ్య కార్మికులు, వీరే ఈ వ్యవస్థకు ఊపిరి. వీరిలో అత్యధికులు దళిత కుటుంబములవారు. వీరి వేతనము నెలనెల తప్పక అందవలెను, చేతితొడుగులు, బూట్లు లేక వీరిని పనికి పంపరాదు. మనుష్యునిచే మలము ఎత్తించుటను 2013 నాటి చట్టము నిషేధించినది. గుంటలు నిండినపుడు యంత్రముతోనే తోడింపవలెను. ఊరందరి శుచిత్వమునకు కారకులైనవారు అందరితో సమముగ ఒకే కుళాయివద్ద నీరు పట్టుకొను ఊరిలోనే పారిశుద్ధ్యము నిజముగ నెలకొన్నదని చెప్పవచ్చును.

ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 2010 జూలై 28న త్రాగునీటిని, పారిశుద్ధ్యమును మానవహక్కులుగ గుర్తించినది. ఆ హక్కు పల్నాటిలో ఎంతవరకు సిద్ధించినదో కొలుచుటకు కట్టిన ట్యాంకుల, మరుగుదొడ్ల సంఖ్య చాలదు. మే నెల మధ్యాహ్నమున వెల్దుర్తి మెరకలోని తండాలో చివరి యింటి కుళాయి పారుచున్నదా, బొల్లాపల్లి బడిపిల్లల పండ్లు ఫ్లోరైడు చారలు లేక తెల్లగ నిలుచుచున్నవా, గురజాల ఉన్నతపాఠశాల బాలిక నెలయంతయు బడికి పోగలుగుచున్నదా అని అడిగి, ఆ జవాబులను గ్రామసభలో ఏటేట చదివి వినిపింపవలెను. సాగరపు నీరు పల్నాటి పొలములను పండించి అర్ధశతాబ్దము దాటినది. ఆ నీటితోనే ప్రతి బిడ్డ దప్పి తీరి, ప్రతి బిడ్డ చేయి శుభ్రపడు ఏర్పాటును పూర్తిచేయుట ఈ తరమువారు తీర్పవలసిన ఋణము.